బ్రిడ్జి తెరిచారు

విల్లెమ్‌స్టాడ్‌లో ఆలస్యంగా వచ్చినవాడెవడూ క్షమాపణ అడగడు. "బ్రిడ్జి తెరిచారు" అంటాడు. అంతే, అవతలివాళ్లు నోరు మూసుకోవాలి.

పరీక్షకి ఆలస్యమైన కుర్రాడూ అదే అంటాడు, పెళ్లికి ఆలస్యమైన పెళ్లికొడుకూ అదే అంటాడు. ఆ దీవి ఊరికి అటు పుండా పేట, ఇటు ఓత్రోబండా పేట. మధ్యలో సముద్రపు పాయ, దానిమీద పడవలు వరసగా పేర్చి తేల్చిన చెక్క వంతెన. ఓడ వచ్చినప్పుడల్లా ఆ వంతెన తలుపులా ఓ పక్కకి తెరుచుకుంటుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఆ ఊళ్లో ఎవరి బద్ధకమైనా పాపం దాని మెడకే చుట్టుకుంటుంది.

ఆ మాటని అందరికంటే ఎక్కువ అరగదీసినవాడు రుడ్సెల్.

రుడ్సెల్‌కి ఇరవై ఆరేళ్లు. పుండా వీధుల్లో టూరిస్టుల్ని ఎక్కించుకుని తిరిగే బొమ్మరైలు నడుపుతాడు. చేతిలో స్టీరింగు, నోటి దగ్గర మైకు, వెనకాల ఏం చెప్పినా నమ్మే నలభై మంది. కోతలు కోయడానికి ఇంతకన్నా అనువైన ఉద్యోగం దేవుడు ఇంకా సృష్టించలేదు.

ఆ రోజు కోటలోని చర్చి ముందు బండి ఆపి, మైకులో గొంతు తగ్గించాడు.

"గోడలో ఇరుక్కున్న ఆ ఫిరంగి గుండు చూశారా? తను ప్రేమించిన పిల్లకి ఈ చర్చిలో వేరేవాడితో పెళ్లి జరుగుతోందని తెలిసి, ఒక కెప్టెన్ ఓడలోంచి పేల్చాడు. పెళ్లికూతురు బయటికొచ్చి ఆ గుండు చూసింది. నా మీద ఇంత ప్రేమా అనుకుని, సముద్రంలో దూకి, ఈదుకుంటూ వెళ్లి ఓడెక్కేసింది."

వెనక బోగీలో ఇద్దరు ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు.

"పద్దెనిమిది వందల నాలుగులో ఇంగ్లీషు వాళ్లు ఊరు పట్టుకోవాలని కాల్చిన గుండు అది," అంది పక్కనుంచి ఒక గొంతు. "పెళ్లీ లేదు, పెళ్లికూతురూ లేదు. అయినా పెళ్లిగౌను వేసుకుని ఎవరైనా ఈదగలరా?"

పసుపు గొడుగు పట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. ఆమె వెనకాల చెమటలు కక్కుతూ పదిమంది టూరిస్టులు. వాళ్లు నవ్వారు. వాళ్లని చూసి రుడ్సెల్ బండిలోవాళ్లూ నవ్వారు. ముసలమ్మలు మాత్రం కళ్లజోళ్లు పెట్టుకుని అతని వంక అదోలా చూశారు.

"ఎవరండీ మీరు?" అన్నాడు రుడ్సెల్, మైకు ఆపి.

"మిలుస్కా. ఊరంతా నడిపించి చూపిస్తాను. నిజాలు చెప్తాను."

"నిజాలకి చప్పట్లు కొడతారా?"

"కొట్టకపోయినా నాకు రాత్రి నిద్ర పడుతుంది."

"నాకూ పడుతుంది. ఇంకా బాగా పడుతుంది."

"సిగ్గు లేనివాళ్లకి మరీ బాగా పడుతుంది," అని ఆమె గొడుగు తిప్పుకుంటూ ముందుకు నడిచింది. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగింది. "వారం రోజులు నిజాలు మాత్రమే చెప్పి చూడండి. అప్పటికీ మీ బండిలో నవ్వులు వినపడితే, ఎనిమిదో రోజు పాలలో పండు కొట్టిన చల్లటి బతీదో నేను ఇప్పిస్తా. మామిడిపండుది."

రుడ్సెల్‌కి మామిడిపండు బతీదో మీద పెద్ద ఆశేమీ లేదు. గొడుగు కింద ఆ కళ్లు మళ్లీ ఎలా చూడాలా అన్నదే ఆలోచన. వెంటనే ఒప్పేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె నిజంగానే వచ్చి ఆఖరి బోగీలో కూర్చుంది. పరీక్ష హాల్లో టీచరులా కాలు మీద కాలు వేసుకుని, మరీ శ్రద్ధగా వింది.

యూదులు ప్రార్థన చేసుకునే సినగాగ్ ముందు రుడ్సెల్ అలవాటుగా నోరు తెరిచాడు. లోపల నేలంతా ఇసుక పరిచి ఉంటుంది. "భక్తులు బీచ్ మీద బెంగ పెట్టుకోకుండా" అనేది అతని పాత కథ. అద్దంలో పసుపు గొడుగు కనపడింది. మాట మింగేశాడు.

"ఈ ఇసుక ఎందుకంటే..." అని ఆగాడు. "ఎందుకో నాకు తెలీదండీ. వెనక కూర్చున్న ఆవిడకి తెలుసు. ఆవిడే చెప్తారు."

మైకు బోగీలు దాటుకుంటూ చేతులు మారి ఆమె దగ్గరికి వెళ్లింది. పూర్వం వేరే దేశాల్లో వీళ్ల తాతలు దాక్కుని ప్రార్థన చేసుకునే రోజుల్లో, అడుగుల చప్పుడు బయటికి వినపడకుండా ఇసుక పోసుకునేవారట. అది గుర్తు పెట్టుకోవడానికట. ఆమె చెప్పడం అయ్యాక బండిలో ఎవరూ నవ్వలేదు. కానీ అందరూ బండి దిగి లోపలికి వెళ్లి, చెప్పులు విప్పి ఆ ఇసుక తాకి వచ్చారు. రుడ్సెల్ కూడా వెళ్లాడు. ఐదేళ్లుగా ఆ గుమ్మం ముందు బండి ఆపుతున్నవాడు, లోపలికి వెళ్లడం అదే మొదటిసారి.

"బాగుంది కదా?" అంది మిలుస్కా.

"నా కథకన్నా బాగుంది. ఈ మాట ఎవరికీ చెప్పకు," అన్నాడు. ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

ఐదో రోజు వాన పడింది. ఆ ఊళ్లో వాన చుట్టపుచూపుగా వస్తుంది, వచ్చిందంటే మాత్రం సామానంతా తెచ్చుకుంటుంది. బొమ్మరైలుకి పైకప్పే గానీ పక్కల గోడలు లేవు. వెనక బోగీ తడిసి ముద్దయితే, మిలుస్కా పరిగెత్తుకొచ్చి డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. జుట్టులోంచి నీళ్లు అతని చొక్కా మీద కారుతున్నాయి. రుడ్సెల్ జరగలేదు.

"ముందు చూసి నడుపు," అంది.

"ముందే చూస్తున్నా."

"నేను నీకు ముందు లేను. పక్కన ఉన్నా."

అతను గతుక్కుమని బ్రేకు వేశాడు. నలభై మంది టూరిస్టులూ ఒకరి మీద ఒకరు పడి, హాయిగా నవ్వుతూ చప్పట్లు కొట్టారు. నిజాలకీ నవ్వులుంటాయని అలా తేలిపోయింది. మిలుస్కా ఎనిమిదో రోజుదాకా ఆగకుండా ఆ సాయంత్రమే బతీదో ఇప్పించింది.

తాగుతూ ఇద్దరూ వంతెన మీద ఓత్రోబండా వైపు నడుస్తుంటే గంట మోగింది. వంతెన తెరవబోతున్నారు. జనం రెండు ఒడ్లకీ పరుగులు పెట్టారు.

"పరిగెడదామా?" అన్నాడు రుడ్సెల్.

"ఏం తొందర?"

ఇద్దరూ కమ్మీ పట్టుకుని ఉండిపోయారు. కాళ్ల కింద చెక్కలు మెల్లగా వణికాయి. పుండా ఒడ్డున పసుపు, గులాబి, నీలం మేడలన్నీ ఒక్కొక్కటే పక్కకి జరిగిపోతుంటే, పుట్టి పెరిగిన ఊరిని ఆ ఇద్దరూ టూరిస్టుల్లా నోరు తెరుచుకుని చూశారు.

"ఇటు ఓత్రోబండా కొండమీద ఆకుపచ్చ కిటికీ ఉంది చూడు, అది మా ఇల్లు," అంది మిలుస్కా. "మా అమ్మమ్మ లుడ్వినా పొద్దున్నుంచి సాయంత్రందాకా అక్కడే కూర్చుని ఈ బ్రిడ్జినే చూస్తుంటుంది. ఈ ఊళ్లో అందరి దగ్గరా చెల్లే మాట ఆవిడ దగ్గర చెల్లదు."

"ఏ మాట?"

"బ్రిడ్జి తెరిచారు అని." ఆమె నవ్వలేదు. "పోయినేడు ఒకడుండేవాడు. నాలుగుసార్లు ఆలస్యంగా వచ్చి నాలుగుసార్లూ ఆ మాటే అన్నాడు. నాలుగుసార్లూ బ్రిడ్జి మూసే ఉంది. వాడు తిరిగింది వేరే అమ్మాయితో. నేను ఆర్నెల్లు ఏడ్చాను రుడ్సెల్. నువ్వు టూరిస్టులకి ఎన్ని కోతలైనా కోసుకో. నాతో మాత్రం వద్దు."

"నీతో కోయను," అన్నాడు. అంటున్నప్పుడు మనసారా అన్నాడు.

"అయితే ఆదివారం భోజనానికి రా. పన్నెండున్నరకి. అమ్మమ్మ మేకమాంసం వండుతుంది."

ఆదివారం రుడ్సెల్ పన్నెండుంపావుకే ఆ కొండమీద వీధిలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు, చేతిలో కేకు డబ్బా. పైకి వెళ్లడమే తరువాయి. కానీ కాళ్లు రాలేదు. వేలమంది ముందు మైకులో వాగినవాడికి, మెట్ల పైనున్న ఒక్క ముసలావిడకి నమస్కారం ఎలా పెట్టాలో తోచలేదు. వీధి మధ్యలో ఉన్న ఎర్రపూల చెట్టు కింద అటూ ఇటూ తిరిగాడు. "నమస్కారం అమ్మమ్మగారూ" అని చెట్టుతో నాలుగు రకాలుగా అన్నాడు. ఒక మేక అతని బూటు వాసన చూసి పోయింది. వాచీ చూసుకునేసరికి ఒంటిగంట.

రెండేసి మెట్లు ఎక్కి లోపలికి వెళ్లాడు. బల్ల దగ్గర మిలుస్కా మొహం ముడుచుకుని కూర్చుంది. కిటికీ పక్క కుర్చీలో లుడ్వినా అమ్మమ్మ, తెల్లటి జుట్టు బిగించి ముడేసుకుని, అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏం నాయనా, ఆలస్యమైంది?"

ఇక్కడ రుడ్సెల్ తప్పేమీ లేదు. తప్పంతా అతని నాలుకది. బుర్ర నిద్రలేచేలోపు ఐదేళ్ల అలవాటు కొద్దీ అది అనేసింది.

"బ్రిడ్జి తెరిచారు అమ్మమ్మగారూ."

మిలుస్కా చేతిలో గరిటె ఆగిపోయింది.

"పొద్దున పదింటికి చమురు ఓడ వెళ్లింది," అంది అమ్మమ్మ నెమ్మదిగా. "ఆ తర్వాత బ్రిడ్జి కదల్లేదు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలి నాయనా. కూర్చో, కూర చల్లారిపోతోంది."

ఆ కూర ఎలా ఉందో రుడ్సెల్‌కి గుర్తు లేదు. భోజనమయ్యాక మిలుస్కా అతని వెనకే లేచింది. మెట్లదాకా వచ్చి, అక్కడ అడిగింది.

"ఎక్కడున్నావు?"

చెప్పేయొచ్చు. కింద చెట్టు దగ్గరే ఉన్నాను, భయపడ్డాను అంటే ఒక్క క్షణంలో తేలిపోయేది. కానీ మనసిచ్చిన పిల్ల ముందు పిరికివాడు అనిపించుకోవడం కన్నా అబద్ధాలకోరు అనిపించుకోవడమే నయమనుకునే బుద్ధిహీనులు లోకంలో చాలామంది ఉన్నారు. రుడ్సెల్ తల దించుకున్నాడు.

"బుధవారం మూడున్నరకి నా టూరు అయిపోతుంది," అంది మిలుస్కా. "పుండా ఒడ్డున, బ్రిడ్జి మొదట్లో ఉంటా. వచ్చి నిజం చెప్పు. నాలుగు దాటి ఒక్క నిమిషం ఆగను. ఆ మాట మళ్లీ నీ నోట వచ్చిందో, ఇంక నా వీధిలోకి రాకు."

ఆ మూడు రోజులూ రుడ్సెల్ మైకులో ఎంత పద్ధతిగా నిజాలు చెప్పాడంటే, టూరిస్టులు అతనికి జ్వరమేమో అనుకున్నారు.

బుధవారం మూడింటికి సెలవు పెట్టి, ముందు ఓత్రోబండా వెళ్లి అమ్మమ్మ తలుపు తట్టాడు. అబద్ధం చెప్పింది ఆవిడకి కదా, ముందు ఆవిడ దగ్గరే ఒప్పుకోవాలి అనుకున్నాడు.

"అమ్మమ్మగారూ, ఆదివారం నేను..."

"పన్నెండుంపావు నుంచి చెట్టు కింద తిరిగావు," అంది ఆవిడ. "మేకకి కూడా నమస్కారం పెట్టావు. నాకు చత్వారమే గానీ గుడ్డితనం లేదు."

"మరి మిలుస్కాకి చెప్పలేదేం?" అన్నాడు రుడ్సెల్.

"అబద్ధం నువ్వు ఆడితే నిజం నేను చెప్పాలా? నీ నోటితో అన్నది నీ నోటితోనే కడుక్కో. ముందు ఈ గిన్నెలో సూపు తాగు. ఆదివారం గాలి మింగినట్టు మింగావు, నా వంటకి అవమానం."

"నాలుగింటికి అక్కడుండాలి అమ్మమ్మగారూ."

"బెండకాయ సూపు తాగడానికి ఎంతసేపు?"

ఆవిడతో వాదించి గెలిచినవాడు ఆ వీధిలో లేడు. సూపు తాగి బయటపడేసరికి నాలుగుకి పావు తక్కువ. కొండ దిగి వంతెన ఎక్కడానికి ఎనిమిది నిమిషాలు, దాటడానికి నాలుగు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముందుగా చేరబోతున్నానన్న సంతోషంతో వంతెన మధ్యకి వచ్చాడు.

గంట మోగింది.

రుడ్సెల్ పరిగెత్తాడు. అడ్డొచ్చిన జనాన్ని తప్పించుకుంటూ, టోపీ ఎగిరిపోతే వదిలేసి, చివరిదాకా పరిగెత్తాడు. అప్పటికే గేటు పడింది. వంతెన కొస ఒడ్డునుంచి విడిపోయింది. మధ్యలో రెండు గజాల నీళ్లు. వంతెన నడిపే హుబర్ట్ మామ గదిలోంచి తల బయటపెట్టాడు.

"ఒరేయ్ రుడ్సెల్, దూకావంటే కాళ్లు విరగ్గొడతా. నీలం జెండా ఎత్తాను చూడు. పెద్ద ఓడ. ముప్పావుగంట పడుతుంది, వెళ్లి కూర్చో."

అవతలి ఒడ్డున, సరిగ్గా ఎదురుగా, పసుపు గొడుగు. మిలుస్కా వాచీ చూసుకుంటోంది. తలెత్తింది. ఇద్దరి కళ్లూ కలిశాయి. వంతెన అతన్ని మెల్లగా వెనక్కి లాక్కుపోతోంది.

"మిలుస్కా, బ్రి..." అని చప్పున నోరు మూసుకున్నాడు.

ఊరు పుట్టినప్పటి నుంచి ఆ మాట అంత నిజంగా అనే అవకాశం ఎవడికీ వచ్చి ఉండదు. వంతెన మీదే నిలబడి, వంతెనతో పాటే వెళ్లిపోతూ, ఆ మాట ఒక్కటే అనకూడదు.

నాలుగు గజాలైంది.

"ఆదివారం నేను పన్నెండుంపావుకే మీ వీధిలో ఉన్నాను," అని అరిచాడు.

"ఏంటి?"

"మీ వీధిలో. ఎర్రపూల చెట్టు కింద. పైకి రావడానికి భయమేసింది."

"ఎవరంటే?"

"మీ అమ్మమ్మంటే. నువ్వంటే. నాకు నచ్చినవాళ్లకి నేను నచ్చకపోతే ఎలా అని." పది గజాలు. ఒడ్డున టూరిస్టులు ఫోన్లు పైకెత్తారు. అతనికి పట్టలేదు. "ముప్పావుగంట అటూ ఇటూ తిరిగాను. మేకతో మాట్లాడాను. వేరే ఎక్కడికీ పోలేదు. ఆ మాట భయంతో నోరు జారింది. మిలుస్కా, నేను నిన్ను..."

సరిగ్గా అప్పుడే ఓడ కూత పెట్టింది. ఆ కూతలో మిగతాదంతా కొట్టుకుపోయింది. ఏడంతస్తుల ఓడ వాళ్లిద్దరి మధ్యకి తాపీగా దూరింది, గొడుగు కనపడకుండా పోయింది.

రుడ్సెల్ వంతెన మీదుగా వెనక్కి ఓత్రోబండా ఒడ్డు చేరి, పడవ రేవుకి పరిగెత్తాడు. వంతెన తెరిచినప్పుడు అటూ ఇటూ జనాన్ని దాటించే పడవలు రెండు ఉంటాయి. వరసలో వందమంది. "ఫిరంగి గుండు అబ్బాయి కదూ?" అన్నారెవరో. చూస్తే ఆ ఇద్దరు ముసలమ్మలే, నెల తిరక్కుండా ఓడెక్కి మళ్లీ వచ్చారు. సంగతి చెప్తే, ఇద్దరూ మోచేతులతో జనాన్ని తోసి అతన్ని పడవలోకి ఎక్కించారు.

పాయ మధ్యకి వచ్చేసరికి ఎదురుగా రెండో పడవ వస్తోంది. దాని ముందు భాగంలో పసుపు గొడుగు.

"నువ్వెక్కడికి?" అని కేకేశాడు రుడ్సెల్.

"నీ దగ్గరికి. నువ్వెక్కడికి?"

"నీ దగ్గరికి."

రెండు పడవలూ ఒకదాన్నొకటి దాటిపోయాయి. ఇప్పుడు అతను పుండాలో, ఆమె ఓత్రోబండాలో. ఒడ్డున దిగగానే రుడ్సెల్ తిరుగు పడవ ఎక్కబోయాడు. అవతల ఆమె కూడా ఎక్కబోతోంది. ఇద్దరూ ఒక్కసారే ఆగి, ఒక్కసారే చేతులు ఊపారు. నువ్వక్కడే ఉండు అని అతను, నువ్వే ఉండు అని ఆమె. చివరికి ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడ ఉండిపోయారు. వంతెన మూసుకునేదాకా నీళ్లకి అటొకరు ఇటొకరు నిలబడి నవ్వుకున్నారు.

గేటు ఎత్తగానే ఇద్దరూ నడిచారు. నడక పరుగైంది. సరిగ్గా మధ్యలో కలుసుకున్నారు.

"ఎందుకు ఆలస్యమైంది?" అంది మిలుస్కా, రొప్పుతూ.

రుడ్సెల్ పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాడు.

"చెప్పు."

"చెప్పను. చెప్తే మీ వీధిలోకి రానివ్వవు."

మిలుస్కా నవ్వు ఆపుకోలేక అతని చొక్కా పట్టుకుంది. "బ్రిడ్జి తెరిచారు," అంది. "నా కళ్లతో చూశాను. ఇప్పుడు ఆ ఓడ మింగేసిన మాట మళ్లీ చెప్పు."

"నిన్ను ప్రేమిస్తున్నాను."

"ఇది కోత కాదు కదా?"

"టూరిస్టులెవరూ లేరుగా," అన్నాడు. నిజానికి చుట్టూ అరవైమంది ఉన్నారు. మిలుస్కా ఆ ఒక్క అబద్ధాన్నీ క్షమించేసింది.

కొండెక్కి తలుపు తీసేసరికి బల్లమీద మూడు పళ్లేలు సిద్ధంగా ఉన్నాయి. లుడ్వినా అమ్మమ్మ కిటికీ దగ్గర కళ్లు ఒత్తుకుంటోంది. ఏడ్చిందేమో అని మిలుస్కా కంగారు పడింది.

"ఏడుపా, నా బొందా. ఆ రెండు పడవలూ ఎదురెదురుగా పోతుంటే నవ్వలేక చచ్చాను," అంది ఆవిడ. "కూర్చోండి. అబ్బాయ్, నువ్వు నా పక్కన కూర్చో."

రుడ్సెల్ బుద్ధిగా కూర్చున్నాడు. ఆవిడ అతని పళ్లెంలో మొక్కజొన్న ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి, దాని నిండా కూర పోసింది.

"మీ తాత కూడా మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఆ చెట్టు కిందే తిరిగాడే మిలుస్కా. నువ్వు నయం నాయనా, ముప్పావుగంటే. ఆయన రెండు గంటలు తిరిగాడు. అప్పుడు ఈ కుర్చీలో మా అమ్మ కూర్చునేది, అంతా చూసింది. చివరికి పైకొచ్చి ఏమన్నాడో తెలుసా?"

ఇద్దరూ ముద్ద చేతిలో పట్టుకుని ఆవిడ మొహంలోకి చూశారు.

"బ్రిడ్జి తెరిచారు అన్నాడు," అంది లుడ్వినా అమ్మమ్మ. "యాభై రెండేళ్లు కాపురం చేశాను. తినండి, చల్లారిపోతోంది."